పూతకూ గూటికీ తప్పుతున్న పొంతన

ఏ ఊళ్లోనైనా మార్చి 21న పగలు ఎంతసేపు ఉంటుందో వేయేళ్ల కిందటా దాదాపు అంతే ఉండేది. ఆ రోజున గాలిలో ఎంత వేడి ఉంటుంది, నేలలో ఎంత పదును ఉంటుంది అన్నవి మాత్రం గడచిన వందేళ్లలో, అందులోనూ ముఖ్యంగా చివరి యాభై ఏళ్లలో, స్పష్టంగా మారుతూ వచ్చాయి. చెట్టు చిగురించడానికి, పురుగు గుడ్డును చీల్చుకొని బయటికి రావడానికి, పక్షి గూడు కట్టడానికి, వలస పిట్ట వేల కిలోమీటర్ల ప్రయాణం ప్రారంభించడానికి తగిన అదనును జీవులు ఈ వెలుగు, వేడి, తేమల నుంచే గ్రహిస్తాయి గాని, అన్ని జీవులూ ఒకే సూచనను నమ్ముకోవు. వెలుగును నమ్ముకొన్న జీవికి ఏమీ మారినట్లు తోచదు. వేడిని నమ్ముకొన్న జీవి తన కాలాన్ని వారమో పది రోజులో ముందుకు జరుపుకొంటుంది. వాతావరణ మార్పు వల్ల ఋతువులు ముందుకు వస్తున్నాయని అందరూ అంటున్న మాటలో నిజం ఉన్నప్పటికీ, అన్ని జీవులూ సమానంగా జరిగి ఉంటే అది పంచాంగంలో ఒక చిన్న సవరణతో తీరిపోయేది. ఒకదాన్ని తిని మరొకటి బతికే జీవులు వేర్వేరు వేగాలతో జరుగుతున్నందువల్లనే చిక్కు వచ్చిపడింది.

మొదటి చిగురు, మొదటి పూత, మొదటి గుడ్డు, వలస పక్షి రాక, ఆకు రాలడం వంటి ఏటేటా తిరిగివచ్చే ఘట్టాలను తేదీలతో సహా నమోదు చేసి, వాటికీ వాతావరణానికీ గల సంబంధాన్ని పరిశీలించే శాస్త్రాన్ని ఫినాలజీ అంటారు. శాస్త్రానికి ఆ పేరు 19వ శతాబ్దపు నడుమ వచ్చింది గాని, తేదీలు రాసిపెట్టే అలవాటు అంతకన్నా ఎంతో పాతది. ఇంగ్లండులోని నార్‌ఫక్ ప్రాంతంలో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి వసంతం రాకను తెలిపే 27 సూచనలను ఎంచుకొని 1736లో నమోదు చేయడం మొదలుపెట్టగా, ఆయన వంశీకులు ఆ పనిని 1958 దాకా కొనసాగించారు. జపాన్ పాత రాజధాని క్యోటోలో చెర్రీపూల వేడుకలు ఏ రోజున జరిగాయో ఆస్థానానికి చెందినవారు తమ దినచర్యల్లో రాసుకొన్నందువల్ల, యసుయుకి అవోనో అనే పరిశోధకుడు ఆ రాతలను గాలించి 9వ శతాబ్దం నుంచి పూత తేదీల వరుసను కూర్చగలిగాడు. ఆ వరుసలో అంతవరకు అన్నిటికన్నా ముందున్నది 1409 నాటి మార్చి 27 కాగా, 2021లో క్యోటో చెర్రీచెట్లు మార్చి 26కే నిండు పూతకు వచ్చాయి. ఈ పాత నమోదుదారులలో ఎవరికీ భూమి వేడెక్కుతుందన్న ఊహ కూడా లేదు. ఏ ప్రయోజనమూ ఆశించకుండా రాసిన లెక్క కాబట్టే దానిని శంకించడం కష్టమని చెప్పవలసి ఉంటుంది.

అమెరికాలోని కాంకర్డ్ గ్రామంలో రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1850లలో వందలాది మొక్కల పూత తేదీలను రాసిపెట్టుకోగా, బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ప్రిమాక్ బృందం 21వ శతాబ్దంలో అవే మొక్కలను అదే ఊళ్లో మళ్లీ పరిశీలించి, పూత సగటున వారం రోజులకు తగ్గకుండా ముందుకు వచ్చినట్లు గుర్తించింది. ఆ పరిశీలనలో పూత ముందుకు జరగడం కన్నా ఆలోచింపజేసే సంగతి మరొకటి ఉంది: వేడిని బట్టి పూతకాలాన్ని మార్చుకోగలిగిన జాతులు నిలదొక్కుకోగా, మార్చుకోలేని జాతులే ఎక్కువగా క్షీణించాయి. ఐరోపాలోని 21 దేశాల నుంచి లక్షకు పైగా నమోదుల వరుసలను కూర్చి 1971–2000 మధ్యకాలాన్ని పరిశీలించగా, చిగురు, పూత, కాయలకు సంబంధించిన వరుసల్లో 78 శాతం ముందుకు జరిగాయని, సగటు వేగం పదేళ్లకు రెండున్నర రోజులని 2006లో తేలింది.

ఇలా ముందుకు జరగడం ఎలా సాధ్యమవుతుందో తెలియాలంటే మొక్క వేడిని లెక్కించే తీరును గమనించాలి. ఒక రోజు ఎండ కాసినంత మాత్రాన చెట్టు చిగురించదు. ఒక కనీస ఉష్ణోగ్రతకు పైన ప్రతి రోజూ ఎన్ని డిగ్రీలు నమోదయ్యాయో వాటిని కూడుకొంటూ పోతే వచ్చే మొత్తాన్ని ఉష్ణసంచయం అంటారు. ఆ మొత్తం ఒక హద్దును చేరినప్పుడు మొగ్గ విచ్చుకొంటుంది. వసంతం వెచ్చగా ఉంటే ఆ హద్దు త్వరగా వస్తుంది. అయితే చలిదేశాల చెట్లకు అంతకుముందే మరొక షరతు ఉంది. శీతాకాలంలో తగినన్ని గంటల చలి తగిలితే తప్ప మొగ్గ తన నిద్రావస్థను వదలదు. నడిశీతాకాలంలో రెండు రోజులు ఎండ కాయగానే పూసి, తరువాతి మంచుకు మాడిపోకుండా చెట్టుకు ఇది రక్షణ. అందుచేత శీతాకాలం కూడా వెచ్చబడితే ఫలితం తలకిందులై, చిగురు ముందుకు రావలసింది పోయి ఆలస్యం కావచ్చు. హిమాచల్ ప్రదేశ్‌లో యాపిల్ తోటలు కింది లోయలను వదిలి కిన్నౌర్, లాహౌల్ వంటి ఎత్తైన ప్రాంతాలకు పాకడానికి కింద చలిగంటలు చాలకపోవడం ఒక ముఖ్య కారణం.

వెలుగును కొలిచే ఏర్పాటు వేరు. మొక్కల ఆకులలో ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం వెలుగు తగిలినప్పుడు ఒక రూపాన్ని, చీకటిలో మరొక రూపాన్ని పొందుతూ, రాత్రి ఎంత పొడవున్నదీ మొక్కకు తెలియజేయడంలో ప్రధానపాత్ర వహిస్తుంది. పక్షులలో ఈ కొలత కంటితో జరగదు. పుర్రె ఎముక గుండా లోపలికి చొరబడే వెలుగును మెదడు అడుగుభాగంలోని కణాలే నేరుగా గుర్తించి, పగలు పొడవవుతున్న కొద్దీ హార్మోన్ల ద్వారా బీజకోశాలను మేల్కొలుపుతాయి. సంతానకాలంలో తప్ప మిగతా ఏడంతా ఆ అవయవాలు ముడుచుకొని ఉండడం వల్ల ఎగిరే ప్రాణికి బరువు కలిసివస్తుంది. పక్షి శరీరం గుడ్లు పెట్టడానికి ఏ నెలలో సిద్ధం కావాలో పగటి నిడివి నిర్ణయిస్తే, ఆ నెలలో ఏ వారం అన్నది చుట్టూ ఉన్న వేడి, తిండి నిర్ణయిస్తాయి. ఈ రెండో సవరణకు గల అవకాశం జాతిని బట్టి, చోటును బట్టి మారుతుంది.

తినే జీవి కాలానికీ దాని తిండి కాలానికీ పొంతన తప్పడాన్ని అన్నిటికన్నా లోతుగా పరిశీలించిన చోటు నెదర్లాండ్స్‌లోని హోగె వేలువె జాతీయవనం. అక్కడ ఓక్ చెట్టు, వింటర్ మాత్ అనే రెక్కలపురుగు, గ్రేట్ టిట్ అనే చిన్న పిట్ట ఒకే గొలుసుగా ఉంటాయి. రెక్కలు లేని ఆడ పురుగు శీతాకాలపు మొదట్లో చెట్టు మొదలు నుంచి పైకి పాకి కొమ్మల చివర గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు వసంతంలో ఓక్ మొగ్గ విచ్చే సమయానికి పిగలాలి. నాలుగు రోజులు ముందు పిగిలితే తినడానికి ఆకు లేక పిల్లపురుగు చస్తుంది. ఆలస్యంగా పిగిలితే ఆకు ముదిరి, టానిన్లు అనే వగరు పదార్థాలు నిండి, పురుగు సరిగా ఎదగదు. లేత ఆకు తిని బలిసిన గొంగళిపురుగులు కొద్ది వారాల్లోనే నేలకు దిగి మట్టిలో ప్యూపాలుగా మారిపోతాయి కాబట్టి, చెట్టు నిండా పురుగు ఉండే కాలం ఏడాదికి రెండు మూడు వారాలకు మించదు. గ్రేట్ టిట్ తన పిల్లలను సాకేది ఆ పురుగుతోనే. ఒక గూటికి రోజుకు కొన్ని వందల పురుగులు మోయవలసి వస్తుంది.

ఇక్కడ ఆ పిట్టకు ఎదురయ్యే ఇబ్బంది గమనించదగ్గది. రోజుకొక గుడ్డు చొప్పున ఎనిమిది తొమ్మిది గుడ్లు పెట్టి, మరో పన్నెండు పదమూడు రోజులు పొదిగి, పిల్లలు పుట్టిన పది రోజులకు వాటి ఆకలి తారస్థాయికి చేరేసరికి మొదటి గుడ్డు పెట్టి నెల గడచిపోతుంది. అంటే పురుగు కంటికి కూడా కనిపించని రోజుల్లోనే, నెల తరువాత పురుగు ఎప్పుడు విరివిగా ఉంటుందో తల్లిపిట్ట అంచనా కట్టాలి. వసంతారంభపు వెచ్చదనానికీ వసంతాంతపు వెచ్చదనానికీ లంకె ఉన్నంతకాలం ఆ అంచనా ఫలించింది. మార్సెల్ విస్సర్, ఆయన సహచరులు 1998లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1973–1995 మధ్య హోగె వేలువెలో పిట్ట గుడ్డు పెట్టేనాటి ఉష్ణోగ్రత పెద్దగా మారలేదు గాని, ఆ తరువాతి వారాల్లో పురుగు పెరిగేనాటి వేడి మాత్రం హెచ్చింది. పిట్ట తనకు తెలిసిన లెక్క ప్రకారం సరిగానే గుడ్లు పెట్టింది. పిల్లలు నోళ్లు తెరిచేసరికి పురుగులు మట్టిలోకి దిగిపోతున్నాయి.

అదే జాతి పిట్ట ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న వైతమ్ అడవిలో ఇంత ఇబ్బంది పడలేదు. 1947 నుంచి నిరంతరాయంగా సాగుతున్న అక్కడి పరిశీలనలో, పురుగుల కాలంతో పాటే పిట్టలు కూడా గుడ్లు పెట్టే తేదీని 1970ల నడుమ నుంచి సుమారు రెండు వారాలు ముందుకు జరుపుకొన్నట్లు 2008లో వెల్లడైంది. అక్కడి వసంతం మొదట్లోనూ చివరలోనూ ఒకే తీరుగా వేడెక్కినందువల్ల పిట్ట పాత లెక్క తప్పుకాలేదు. భూమి సగటు ఉష్ణోగ్రత ఎంత పెరిగిందన్న ఒక్క అంకెతో ఏ జీవి భవిష్యత్తునూ చెప్పలేమనడానికి ఈ రెండు అడవులే చాలు. ఏ నెలలో, ఏ వారంలో పెరిగిందన్నది కూడా లెక్కలోకి రావాలి.

ఏడాది పొడవునా ఒకేచోట ఉండే గ్రేట్ టిట్‌కు కనీసం తన అడవిలో ఏం జరుగుతున్నదో తెలుస్తుంది. పైడ్ ఫ్లైక్యాచర్ అనే పన్నెండు పదమూడు గ్రాముల పిట్టకు ఆ అవకాశమూ లేదు. అది చలికాలాన్ని పశ్చిమాఫ్రికాలో గడిపి, సహారా ఎడారిని దాటి వసంతంలో ఐరోపా అడవులకు చేరుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఆ విడిదిలో కూర్చొని నాలుగైదు వేల కిలోమీటర్ల అవతల నెదర్లాండ్స్‌లో ఈ ఏడు ఓక్ చెట్లు ఎప్పుడు చిగురించాయో గ్రహించే దారి లేదు. బయలుదేరే రోజును ప్రధానంగా పగటి నిడివితో ముడిపడిన అంతర్గత లయ నిర్ణయిస్తుంది. క్రిస్టియాన్ బోత్, విస్సర్ 2001లో చూపినట్లు, ఈ పిట్టలు వచ్చిన తరువాత విశ్రాంతిని కుదించుకొని గుడ్లు పెట్టే తేదీని ముందుకు తెచ్చుకొన్నాయి గాని, రాక తేదీ మాత్రం అంతగా జరగలేదు. కుదించుకోవడానికి మిగిలిన రోజులు అయిపోయిన తరువాత చేయగలిగింది లేదు. పురుగుల కాలం అన్నిటికన్నా ముందుగా వచ్చే అడవుల్లో రెండు దశాబ్దాలలో ఈ పిట్టల సంఖ్య సుమారు 90 శాతం పడిపోయిందని, పురుగు ఆలస్యంగా వచ్చే అడవుల్లో అంత నష్టం లేదని 2006లో అదే బృందం ప్రకటించింది.

ఈ నష్టం ఎప్పుడూ గూటి దగ్గరే కనబడాలని లేదు. రెడ్ నాట్ అనే తీరపక్షి రష్యా ఉత్తరాన తైమిర్ ద్వీపకల్పంలో పిల్లలు చేసి, శీతాకాలానికి ఆఫ్రికాలోని మారిటేనియా తీరానికి వెళుతుంది. తైమిర్‌లో మంచు కరగడం మూడు దశాబ్దాలకు పైగా ఏడాదికి అర రోజు చొప్పున ముందుకు జరుగుతూ రావడంతో, పిల్లలు పుట్టేసరికి కీటకాల ఉధృతి తగ్గిపోయి, చాలని తిండితో పెరిగిన పిల్లలకు ఒళ్లు, ముక్కు రెండూ పొట్టిబడ్డాయి. ముక్కు పొట్టిదైన పక్షికి మారిటేనియా ఇసుకలో లోతుగా ఉండే ఆల్చిప్పలు అందక, నాసిరకం తిండితో సరిపెట్టుకోవలసి వచ్చి, వాటిలో బతికేవి తగ్గాయి. ఆర్కిటిక్‌లో జరిగిన కాలభంగానికి మూల్యం ఉష్ణమండలపు తీరంలో చెల్లించవలసి వచ్చిందన్నమాట. 2016లో ప్రచురితమైన ఈ పరిశోధన ఒక హెచ్చరిక కూడా: పక్షులు తగ్గిన చోటనే కారణాన్ని వెదికితే అది దొరకకపోవచ్చు.

అయితే పొంతన తప్పిన ప్రతిచోటా జాతి నశిస్తుందనుకోవడం తొందరపాటు. హోగె వేలువెలోనే పొంతన బాగా తప్పిన ఏళ్లలో గ్రేట్ టిట్ పిల్లలు తక్కువగా ఎగిరినా, ఎగిరిన వాటికి చలికాలంలో పోటీ తగ్గి ఎక్కువ బతకడం వల్ల మొత్తం సంఖ్య అంతగా పడిపోలేదని 2013లో తేలింది. వింటర్ మాత్ సంగతి మరీ విచిత్రం. వేడి హెచ్చిన మొదట్లో దాని గుడ్లు ఓక్ చిగురు కన్నా బాగా ముందే పిగిలిపోయేవి. అలా పిగిలినవి చచ్చి, ఆలస్యంగా పిగిలేవే మిగలడంతో పదేళ్లు దాటిన కొద్దికాలానికే ఆ జాతి స్పందించే తీరే జన్యుపరంగా మారింది. ఏడాదికొక తరం, గుడ్లు వందల్లో పెట్టే పురుగుకు సాధ్యమైన ఈ సర్దుబాటు, నెమ్మదిగా సంతానం పెంచుకొనే పెద్ద పక్షులకూ, వందేళ్లు బతికే చెట్లకూ అంత వేగంగా సాధ్యం కాదు.

ఐరోపా అనుభవాన్ని యథాతథంగా తెలుగునేలకు వర్తింపజేయడం మాత్రం తగదు. నెదర్లాండ్స్‌లో అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ తేడా సుమారు తొమ్మిది గంటలు. హైదరాబాదులో అది రెండు గంటలకు కాస్త అటూ ఇటూ. ఇక్కడ ఋతువును నడిపేవి ప్రధానంగా వానా, వాన లేకపోవడమూ. నీలగిరుల దిగువన ముదుమలై ఆకురాల్చు అడవిలో మురళి, సుకుమార్ 1993లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, అక్కడి చెట్లలో అనేకం వానలకు ముందే, ఎండలు మండుతున్నప్పుడే చిగురిస్తాయి. వానలతో పాటు పురుగు విజృంభించేలోగా ఆకు కొంత ముదురుతుంది కాబట్టి, ముందు చిగురించిన చెట్లకు పురుగు నష్టం తక్కువ. ఓక్ అడవిలో పురుగు ఆకును అందుకోవడానికి పరుగెత్తితే, ఇక్కడ ఆకు పురుగును తప్పించుకోవడానికి పరుగెత్తుతుంది. రుతుపవనాలు ముందుగా వచ్చినా, వేసవి మధ్యలో అకాలవర్షాలు పెరిగినా ఆ వెసులుబాటు కుంచించుకుపోతుంది.

మామిడి మరొక భిన్నమైన ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ తోటల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వచ్చే పూతకు పిలుపు వేడి కాదు, రాత్రి చలి. ముదిరిన రెమ్మ కొనలోని మొగ్గకు తగినన్ని చల్లని రాత్రులు దొరికితే అది పూగుత్తిగా మారుతుంది. దొరకకపోతే అదే మొగ్గ ఆకు చిగురై కూర్చుంటుంది. కాబట్టి ఐరోపాలో పూతను ముందుకు తోసే వేడి, ఇక్కడి మామిడిలో దాన్ని ఆలస్యం చేయగలదు, లేదా ఒకేసారి రావలసిన పూతను దఫదఫాలుగా రప్పించగలదు. దఫాలుగా వచ్చిన పూతలో ఒక కొమ్మ పిందె మీద ఉండగా మరో కొమ్మ మొగ్గ మీద ఉంటుంది కనుక తేనెమంచు పురుగుకు మేత ఎక్కువ రోజులు దొరుకుతుంది. రైతుకు మందు కొట్టే ఖర్చూ, కోతల ఖర్చూ పెరుగుతాయి.

పక్షులలో గిజిగాడు తెలుగు పల్లెల్లో వానాకాలానికి కట్టుబడిన జీవి. గూడు అల్లడానికి పొడవైన పచ్చిగడ్డి పీచు, పిల్లలకు పెట్టడానికి పురుగు, ఆ తరువాత గింజ, ఈ మూడూ వరుసగా అందాలంటే వాన సకాలంలో రావడంతో పాటు నిలవాలి కూడా. తొలకరి పలకరించి మొహం చాటేస్తే గూడు సగంలోనే ఆగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని నేలపట్టు చెరువులో గూడబాతులు ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండిన తరువాత గూళ్లకు దిగుతాయి. వాటికి తేదీ కన్నా నీటిమట్టమే ముఖ్యం. వానతో పాటే వస్తుందని పేరుపడ్డ చాతకపక్షి మాత్రం, ఉత్తర భారతానికి వచ్చేదాని విషయంలో, ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చే వలసపక్షి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ 2020లో రెండు చాతకాలకు ఉపగ్రహ ట్యాగులు అమర్చి వాటి దారిని గమనించింది. తన గుడ్లను పరుల గూళ్లలో పెట్టే చాతకానికి, కాకిగూటిని నమ్ముకొన్న కోకిలకు వాన అదనుతో పాటు పెంపుడుతల్లి అదను కూడా కలిసిరావాలి. ఐరోపా కోకిల విషయంలో అది కుదరకపోవడం ఇప్పటికే కనిపించింది: దగ్గరి నుంచి వలస వచ్చే పిట్టలు రాకను ముందుకు జరుపుకోగా, దూరం నుంచి వచ్చే కోకిల వాటి గూళ్లను అందుకోవడంలో వెనుకబడింది.

రుతుపవనాల తేదీలే కదులుతున్నాయి. భారత వాతావరణ శాఖ 2020లో సాధారణ తేదీలను సవరించినప్పుడు, వాయవ్య రాజస్థాన్ నుంచి నైరుతి తిరోగమనం మొదలయ్యే తేదీని సెప్టెంబరు 1 నుంచి 17కు మార్చింది. 2025లో నైరుతి మే 24కే, అంటే రోహిణి కార్తె కూడా ప్రవేశించకముందే కేరళను తాకింది. అంతకుముందు అలా ముందుగా, మే 23న వచ్చిన 2009లో దేశంలో వర్షపాతం సాధారణం కన్నా 22 శాతం తగ్గి కరవు వచ్చింది. ముందు రావడానికీ మంచిగా కురవడానికీ సంబంధం లేదని రైతుకు తెలిసినంతగా చెట్టుకూ పిట్టకూ తెలియదు.

ఇక్కడి మార్పులను కొలవడానికి పండుగలను కొలమానంగా పెట్టుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. ఉగాదికి వేపపూత రాలేదనో, ముందే వచ్చిందనో అనుకోవడం పరిపాటి గాని, చాంద్రమానపు ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. వేప ఎక్కడా జరగకపోయినా పండుగ పద్దెనిమిది రోజులు జరిగింది. కేరళీయుల విషు సౌరమానపు పండుగ కావడంతో ఏటా ఏప్రిల్ నడుమనే వస్తుంది. అందువల్ల విషుకు పూయవలసిన కొన్న, అంటే తెలుగువారి రేల, నెలల ముందే పూస్తున్నదన్న అక్కడివారి మాటకు ఎక్కువ బరువుంది. ఆ లెక్కన తిథుల కన్నా రైతుల కార్తెలు మేలైన కొలమానం: నక్షత్రాల మధ్య సూర్యుడి స్థానాన్ని బట్టి ఏర్పడినవి కాబట్టి డెబ్బై ఏళ్లకు ఒక రోజు చొప్పున మాత్రమే జరుగుతాయి.

మార్షమ్ వంశీకుల రాతల వంటి సుదీర్ఘమైన నమోదులు భారతదేశంలో అరుదు. 2010 ప్రాంతంలో మొదలైన సీజన్‌వాచ్ అనే పౌర పరిశీలన కార్యక్రమంలో కేరళ బడిపిల్లలు పెద్దసంఖ్యలో పాల్గొని, ఎంచుకొన్న చెట్లను వారం వారం చూసి ఆకు, పూత, కాయల స్థితిని రాస్తున్నారు. ఏ చెట్టు ఎప్పుడు పూసిందో రాయడంతో పాటు, పూయని వారాలను కూడా తప్పకుండా రాయాలన్నది అటువంటి నమోదులో మొదటి నియమం. ఆ ఖాళీ వారాలు లేకపోతే, పూత నిజంగా ముందే వచ్చిందో, చూసేవారు ముందే చూశారో తేల్చే మార్గం ఉండదు.